సంఘం నడిపే టీఐలో మొదట చూడాల్సింది క్లినిక్ వేళలు

చదివేవారికి సందర్భం తెలియడం కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. కోస్తాలో సెక్స్ వర్కర్ల సంఘం ఒకటి నడుపుతున్న టార్గెటెడ్ ఇంటర్వెన్షన్‌లో, అంటే హెచ్ఐవీ ముప్పు ఎక్కువగా ఉన్న వర్గాలకు నివారణ సేవలు అందించే, మనం టీఐ అని పిలుచుకునే ప్రాజెక్టులో, మీరు కొత్తగా మేనేజరుగా చేరారు. సంఘానికి రిజిస్ట్రేషన్ ఉంది, కార్యవర్గంలో అందరూ ఆ వృత్తిలో ఉన్న మహిళలే. అయినా క్లినిక్కుకు వచ్చేవారు తగ్గిపోయారు. పరీక్షలో హెచ్ఐవీ తేలినవారిలో కొందరు హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటరు గడప తొక్కడం లేదు. విటులు దొరికే పాత అడ్డాలు, అంటే హాట్‌స్పాట్లు, ఖాళీ, పని ఫోన్లలోకి మారిపోయింది. పైనుంచి టార్గెట్ల ఒత్తిడి ఉంది. ‘కమ్యూనిటీ నడిపే కార్యక్రమం అంటే ఇంతకన్నా ఏమి చేయాలి?’ అని అడిగారు. డిసెంబరు 1 ఎయిడ్స్ దినం ర్యాలీ గురించి కూడా ఒక ప్రశ్న వేశారు, దానికి చివర్లో వస్తాను.

మీ క్లినిక్ ఉదయం పది నుంచి ఒంటిగంట వరకు ఉంటుందని రాశారు. ఆ వేళలు ఎవరు పెట్టారు? హైవే మీద పనిచేసే ఆమె తెల్లవారుజామున ఇల్లు చేరి మధ్యాహ్నం దాకా నిద్రపోతుంది. ఇంటి దగ్గరే గుట్టుగా పనిచేసుకునే ఆమెకు పిల్లలు బడికి, భర్త కూలికి వెళ్లాక దొరికే ఆ మూడు గంటలే సంపాదన వేళ. ఇక పది నుంచి ఒంటిగంట ఎవరికి అనుకూలం? వచ్చే డాక్టరుకు. మా దగ్గర ఒక పట్టణంలో ఇదే జరిగితే కార్యవర్గం కూర్చుని సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు క్లినిక్ పెట్టాలని తీర్మానించింది. డాక్టరు కుదరదన్నారు. కార్యవర్గం డాక్టరును మార్చింది. మేనేజరుకు ఇష్టం లేదు, ఉన్న డాక్టరు పోతే మళ్లీ దొరకరని భయం. అయినా తీర్మానం తీర్మానమే అయింది.

మీ సంఘాన్ని కూడా ఇలాగే పరీక్షించి చూడండి. గడిచిన ఏడాదిలో కార్యవర్గం కాదన్నందువల్ల ఆఫీసు తన పద్ధతి మార్చుకున్న సందర్భం ఒక్కటైనా మినిట్స్ పుస్తకంలో ఉందా? లేకపోతే మీ కార్యవర్గం సంతకాలు పెట్టే కార్యవర్గమే. లెటర్‌హెడ్ మీద ఎవరి పేర్లున్నా కార్యక్రమాన్ని నడుపుతున్నది మీరూ మీ అకౌంటెంటూ. జనం రాకపోవడానికి మూలం అక్కడుందని నా అనుమానం.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. మన దేశంలో ఈ పని ఎక్కడ ఫలించిందో అక్కడి చరిత్ర చూస్తే తెలుస్తుంది. భారతదేశంలో హెచ్ఐవీ మొదటిసారి బయటపడింది 1986లో, మద్రాసులో. డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని నిర్మల చేసిన పరిశోధనలో సెక్స్ వర్కర్ల రక్త నమూనాల్లో దొరికింది. వ్యభిచార నిరోధక చట్టం కింద పట్టుకొచ్చి హోములో ఉంచిన మహిళల నుంచి తీసిన నమూనాలవి. అప్పటి నుంచి చాలాకాలం పాటు ప్రభుత్వాల దృష్టిలో ఈ మహిళలు జబ్బు ఎక్కడినుంచి వస్తోందో చూపే గుర్తులు మాత్రమే. వారిని నిఘాలో పెట్టాలి, పరీక్షించాలి, వీలైతే ఊరి నుంచి పంపేయాలి. ఆ ఆలోచన ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మీ జిల్లా సమావేశాల్లో ‘హై రిస్క్ వాళ్లు’ అనే మాట ఏ గొంతుతో వస్తుందో విన్నారుగా.

కోల్‌కతాలోని సోనాగాచిలో 1992లో డాక్టర్ స్మరజిత్ జానా ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు ఆయన ముందున్న పని లైంగిక వ్యాధులు, హెచ్ఐవీ తగ్గించడం. ఆయన ఆ వాడలోని మహిళలనే పీర్ ఎడ్యుకేటర్లుగా, అంటే తోటివారికి నచ్చజెప్పి నడిపించే కార్యకర్తలుగా, తీసుకున్నారు. వారికి ఆకుపచ్చ కోటు, గుర్తింపు కార్డు ఇచ్చారు. వీధిలో ఆ కోటు వేసుకుని నడిచే మనిషిని పోలీసు ఇష్టమొచ్చినట్టు కొట్టలేడు. అసలు లాభం అక్కడ మొదలైంది. మహిళలు తమ బాధలు చెప్పుకుంటే అందులో హెచ్ఐవీ ఎక్కడో కింద ఉంది. పైన ఉన్నవి వడ్డీ వ్యాపారులు, రౌడీలు, పోలీసు దాడులు, పిల్లల చదువు. 1995లో ఆ మహిళల సొంత సంఘం, దర్బార్ మహిళా సమన్వయ కమిటీ, పుట్టింది. అదే ఏడాది ఉషా అనే సహకార సంఘం పెట్టుకున్నారు. వడ్డీ వ్యాపారికి కట్టే డబ్బు పొదుపులోకి మళ్లితే, కండోమ్ వద్దని ఎక్కువ డబ్బు చూపే విటుడికి ‘పో’ అని చెప్పే ధైర్యం వస్తుంది. 1999 నాటికి ప్రాజెక్టు నిర్వహణే దర్బార్ చేతికి వచ్చింది. తొంభైల్లో ముంబై వాడల్లో హెచ్ఐవీ సగం మందికి పాకిపోతే సోనాగాచిలో పది శాతం చుట్టుపక్కలే ఆగింది. కండోమ్‌లు రెండు చోట్లా పంచారు. జానా గారు 2021లో కోవిడ్‌తో పోయారు. ఆయన శిష్యులమని చెప్పుకునేవారు మన రాష్ట్రాల్లో కూడా చాలామంది ఉన్నారు, అందులో సగం మంది నిజమే చెబుతున్నారు.

మన దగ్గరికి వస్తే, 2003 తరువాత గేట్స్ ఫౌండేషన్ వారి అవాహన్ కార్యక్రమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లో నడిచింది. తరువాత దాన్ని దశలవారీగా ప్రభుత్వానికి అప్పగించారు. అవాహన్ కాలంలో వచ్చిన పద్ధతుల్లో నేను ఇప్పటికీ దాచుకున్నవి రెండు. మొదటిది సంక్షోభ బృందం. రాత్రి ఏ వేళైనా ఒక నంబరుకు ఫోన్ చేస్తే పీర్ ఒకరు, ఒక న్యాయవాది, సంఘం నాయకురాలు స్టేషనుకు వెళతారు. మొదట్లో స్టేషన్ మెట్ల మీద గంటలకొద్దీ కూర్చోబెట్టేవారు. పోలీసులు చేసిన మేలు ఒకటుంది, అలా కూర్చోబెట్టడం వల్ల మిగతా మహిళలు చూశారు, ‘మనకోసం వచ్చి కూర్చుంటున్నారు’ అని. ఆ వారం క్లినిక్కు నిండింది. ఎవరూ కండోమ్ గురించి ఉపన్యాసం చెప్పలేదు. మీ ప్రాజెక్టులో ఇప్పుడు ఆ ఫోన్ నంబరు ఎవరి దగ్గరుంది? రాత్రి పదకొండుకు మీరే ఒకసారి చేసి చూడండి.

రెండోది పీర్ చేతిలోని మైక్రోప్లానింగ్ షీటు. ఇప్పుడు మీరు దాన్ని కంప్యూటర్లో ఎక్కించే ఫారంగా మాత్రమే చూసి ఉంటారు. అసలు అది చదువురాని మహిళ కోసం బొమ్మలతో వేసిన కాగితం. ఒక్కో అడ్డ వరుస ఒక్కో మనిషి. మందు సీసా బొమ్మ మీద గీత ఉంటే ఆమె తాగి పనిలోకి వెళుతుందని, కండోమ్ మాట మరిచే అవకాశం ఎక్కువని. వృత్తికి కొత్తగా వచ్చిన ఆమెకు ఒక గుర్తు, కొట్టే భాగస్వామి ఉన్న ఆమెకు ఒక గుర్తు, వారానికి ఎంతమంది విటులో, ఎన్ని కండోమ్‌లు కావాలో గీతలు. ఒక పీర్ అక్క ఆ షీటు నేల మీద పరిచి, వేలితో ఒక్కో వరుసా చూపిస్తూ ‘ఈమెను వారానికి రెండుసార్లు కలవాలి, ఈమెకు నెలకొకసారి చాలు, ఈమె దగ్గరికి నేను వెళ్లకూడదు, మా ఇద్దరికీ మాటల్లేవు, ఇంకొకరిని పంపండి’ అని చెప్పింది. ఆ మూడో మాట ఏ ఫారంలోనూ పట్టదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం మూడో దశ నుంచి అరవై మందికి ఒక పీర్ అని లెక్క ఉంది. అరవై మందినీ సమానంగా కలవాలని ఆ లెక్కలో ఎక్కడా లేదు. సమానంగా కలిసినట్టు రిపోర్టు రాయమన్నది మన సూపర్‌వైజర్లు. ఆ కాగితం పీర్ దగ్గరే ఉండాలి, నిర్ణయం ఆమె తీసుకోవాలి. మీ ఓఆర్‌డబ్ల్యూ, అంటే పీర్‌ల పని చూసే అవుట్‌రీచ్ వర్కర్, దాన్ని శనివారం లాక్కుని సోమవారం నింపిస్తుంటే, అదొక హాజరు పట్టీ అయిపోతుంది.

ఇక ఫోన్ల సంగతి. హాట్‌స్పాట్లు పోయాయని బాధపడకండి, మనుషులు ఎక్కడికీ పోలేదు. లాడ్జి దగ్గర నిలబడే ఆమె ఇప్పుడు ఇంట్లో కూర్చుని వాట్సాప్‌లో బేరం కుదుర్చుకుంటోంది. పురుషులతో సంబంధాలున్న పురుషులు పార్కు వదిలి డేటింగ్ యాప్‌లకు వెళ్లారు. ఇక్కడ చాలా టీఐలు చేసే పని ఒక యువకుడికి ట్యాబ్ ఇచ్చి రోజూ ఇన్ని మెసేజ్‌లు పంపమనడం. ‘మీరు హెచ్ఐవీ పరీక్ష చేయించుకున్నారా?’ అని తెలియని మనిషి నుంచి మెసేజ్ వస్తే ఎవరైనా బ్లాక్ చేస్తారు, నేనైనా చేస్తాను. ఆ యాప్‌ను తన జీవితం కోసం నిజంగా వాడే మనిషినే తీసుకోండి. ఎవరితో ఏ మాట ఎప్పుడు అనాలో అతనికి తెలుసు. మహిళల విషయంలో ఫోన్ నంబర్ల పుస్తకం పాత బ్రోకర్ల దగ్గరా, నెట్‌వర్క్ నడిపే ఆమె దగ్గరా ఉంటుంది. ఆమెను శత్రువుగా చూస్తే తలుపులన్నీ మూసుకుంటాయి. కార్యవర్గానికి ఆమె ఎవరో తెలుసు, మీకు చెప్పడం లేదు, ఎందుకంటే మీరు ఇంకా కొత్త.

పరీక్షల గురించి. వేలి కొన నుంచి రక్తపు చుక్కతో అక్కడికక్కడే చేసే పరీక్షను శిక్షణ పొందిన పీర్‌లే చేయవచ్చు. ఇది మన పనిలో వచ్చిన పెద్ద సౌకర్యం. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఆ కిట్‌లో గీత వస్తే ‘రియాక్టివ్’ మాత్రమే, పాజిటివ్ అని చెప్పకూడదు. ప్రభుత్వ పరీక్షా, కౌన్సెలింగ్ కేంద్రమైన ఐసీటీసీలో మూడు రకాల కిట్లతో నిర్ధారించాకే ఆ మాట. ఈ తేడా పీర్‌కు నోటికి రావాలి. ఎందుకంటే ఆ గీత చూసిన క్షణంలో ఎదుటి మనిషి అడిగే మొదటి ప్రశ్న ‘నాకు వచ్చిందా?’ అనే. అప్పుడు మాట తడబడితే ఆమె మళ్లీ కనిపించదు. ఎవరికైనా కండోమ్ చిరిగిందనో, బలవంతం జరిగిందనో తెలిస్తే 72 గంటల లోపు హెచ్ఐవీ సోకకుండా ఆపే పెప్ మందు మొదలుపెట్టించాలి, ఇరవై ఎనిమిది రోజులు వాడాలి. ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది. ఈ విషయం మీ సంక్షోభ బృందంలో అందరికీ తెలుసో లేదో కనుక్కోండి. మా అనుభవంలో న్యాయవాదికి తెలిసేది కాదు.

పాజిటివ్ అని తేలాక ఏఆర్‌టీకి చేరకపోవడం మీ అసలు బాధ అనుకుంటాను. 2017 నుంచి మన దేశంలో పాజిటివ్ అయిన ప్రతి ఒక్కరికీ సీడీ4 (రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా మందు మొదలుపెట్టాలనే విధానం ఉంది. మందు ఉచితం. రోజుకు ఒకే మాత్ర, డోలుటెగ్రావిర్ కలిసినది. పాత మందుల్లా తల తిరగడం, చెడ్డ కలలు రావడం తక్కువ. క్రమం తప్పకుండా వేసుకుని వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మొత్తం) కొలవలేనంత తగ్గితే శృంగారం ద్వారా మరొకరికి సోకదు. ఇంత మంచి వార్త ఉన్నా మనిషి ఎందుకు వెళ్లదు? పొద్దున్నే ఓపీ వరుసలో నిలబడాలి. సెంటరు బయట బోర్డు మీద ఏమి రాసి ఉందో ఊళ్లో అందరికీ తెలుసు. అదే ఆస్పత్రిలో ఆడపడుచు పనిచేస్తూ ఉండొచ్చు. ఒక పెద్దాస్పత్రిలో సిబ్బంది గట్టిగా పేరు పెట్టి పిలిచి, వెనకాలే ‘ఆ ప్రాజెక్టు వాళ్లు’ అని అనడం నేనే విన్నాను. ఆ రోజు వచ్చిన ముగ్గురిలో ఒకామె మందు తీసుకోకుండానే బస్సెక్కింది.

దీనికి మీటింగులు పెట్టి ఉపయోగం లేదు. తోడు కావాలి. అదీ అదే మందు వాడుతూ ఆరోగ్యంగా ఉన్న మనిషి తోడు. కౌన్సెలర్ అరగంటలో చెప్పలేనిది ఆమె బస్సులో చెప్పేస్తుంది. మాత్రల డబ్బా చప్పుడు చేస్తుంది, అందులో కాస్త దూది పెట్టు. లేబుల్ చింపేసి కాల్షియం మాత్రల డబ్బాలో పోసుకో, కానీ నీళ్లు తగలనివ్వకు. పని రాత్రిపూట కాబట్టి రాత్రి మాత్ర మరిచిపోతావు, మధ్యాహ్నం నిద్ర లేవగానే వేసుకో. అత్తగారు అడిగితే థైరాయిడ్ అని చెప్పు. ఈ చివరి సలహా విని ఒక అధికారి నా ముందే నొచ్చుకున్నారు, అబద్ధం నేర్పిస్తున్నారని. ఆయన ఎప్పుడూ అత్తగారింట్లో మందు దాచుకోవాల్సిన అవసరం పడలేదు. సొంత ఊరి సెంటరు వద్దంటే పక్క జిల్లా సెంటరులో నమోదు చేయించండి. సీజన్‌లో గోవాకో, పుణేకో పనికి వెళ్లేవారికి వెళ్లే ముందే మాట్లాడి, చికిత్స వివరాలుండే గ్రీన్ బుక్ వెంట ఉండేలా చూసి, అక్కడి సెంటరులో మందు అందేలా చేయండి. నిలకడగా ఉన్నవారికి ఒకేసారి ఎక్కువ నెలల మందు ఇచ్చే వెసులుబాటు ఉంది, దాన్ని అడిగి తీసుకోవాలి. ఒక నెల మందు తప్పిన ఆమెకు ఫోన్ చేసి ‘ఎందుకు రాలేదు?’ అని అడగడం మొదలుపెడితే రెండోసారి ఫోన్ ఎత్తదు. ‘పాప పరీక్షలు ఎలా రాసింది?’ అని మొదలుపెట్టే మనిషి కావాలి.

ట్రాన్స్‌జెండర్ల విషయంలో ఇదే సూత్రం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. హైదరాబాద్ నారాయణగూడలో 2021 జనవరిలో మిత్ర్ క్లినిక్ తెరిచారు. దేశంలో ట్రాన్స్‌జెండర్ల కోసం వారే ప్రధాన పాత్ర పోషిస్తూ నడిపిన మొదటి సమగ్ర క్లినిక్ అది. అక్కడికి వచ్చేవారిలో ఎక్కువ మంది హెచ్ఐవీ పరీక్ష కోసం రాలేదు. హార్మోన్ల సలహా కోసం, ఆపరేషన్ గురించి తెలుసుకోవడం కోసం, మనసు బాగాలేక మాట్లాడటం కోసం వచ్చారు. వచ్చినప్పుడు పరీక్ష కూడా చేయించుకున్నారు. తమలాంటి మనిషి రిసెప్షన్‌లో కూర్చుని ఉంటే ‘మగా ఆడా?’ అనే ప్రశ్న పుట్టదు. అమెరికా ప్రభుత్వ సాయంతో నడిచిన ఆ క్లినిక్ 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వం విదేశీ సాయం నిలిపేయడంతో మూతపడింది. తరువాత టాటా ట్రస్ట్స్ తోడ్పాటుతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ మొదలైంది. అందరికీ అలాంటి అదృష్టం పట్టదు. మీ ప్రాంతంలో హిజ్రాలతో పనిచేయాల్సి వస్తే ముందు గురువును కలవండి. ఆమెను దాటి చేలాల, అంటే ఆమె శిష్యుల, దగ్గరికి నేరుగా వెళితే రెండు తలుపులూ మూసుకుంటాయి. అలాగని గురువు చెప్పిందే చేలా అవసరం అనుకోకండి. గురువు ముందు చేలా తన జబ్బు గురించి నోరు విప్పదు. ఇద్దరితో విడివిడిగా మాట్లాడగల పీర్ ఉండాలి.

చట్టం గురించి మీ పీర్‌లందరికీ రెండు సంగతులు కంఠతా ఉండాలి. హెచ్ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం 2017లో వచ్చి 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోని 22వ సెక్షన్ ప్రకారం హెచ్ఐవీ ముప్పును తగ్గించే పని, కండోమ్‌లు పంచడం వంటిది, నేరం కాదు, దాన్ని అడ్డుకోకూడదు. ఇక 2022 మే 19న సుప్రీంకోర్టు బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో ఇచ్చిన ఆదేశాల్లో సెక్స్ వర్కర్ల దగ్గర కండోమ్‌లు దొరకడాన్ని నేరానికి సాక్ష్యంగా చూడకూడదని ఉంది. అదే ఆదేశాల్లో ఆధార్ సంగతి కూడా ఉంది. చిరునామా రుజువు చూపలేని సెక్స్ వర్కర్‌కు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) గెజిటెడ్ అధికారి గానీ, రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్టు డైరెక్టర్ గానీ ఇచ్చే ధ్రువీకరణ పత్రంతో ఆధార్ ఇవ్వాలి, అందులో ఆమె వృత్తి బయటపడకూడదు. మీ ప్రాజెక్టులో ఎంతమందికి ఆధార్ లేదో లెక్క తీసి ఈ పని మొదలుపెట్టండి. ఆధార్ వస్తే బ్యాంకు ఖాతా, రేషన్, పింఛను, పిల్లల బడి ఒకదాని వెంట ఒకటి కదులుతాయి. ఈ పని చేసిపెట్టిన సంఘం మాటను ఆమె వైద్యం విషయంలో కూడా వింటుంది. నేను చూసినంతలో ఏ కౌన్సెలింగుకన్నా ఇది బలంగా పనిచేసింది. ఆ సెక్షన్‌నూ, ఈ ఆదేశాలనూ తెలుగులో రాయించి, లామినేషన్ చేయించి, ప్రతి పీర్ బ్యాగులో పెట్టండి. కానిస్టేబుల్ చదువుతాడా లేదా అన్నది తరువాతి సంగతి, చూపించే కాగితం చేతిలో ఉన్నందుకే పీర్ గొంతు మారుతుంది.

ఇదే చట్టం గోప్యత గురించి కూడా గట్టిగా చెబుతుంది. ఎవరి హెచ్ఐవీ స్థితినైనా వారి సమ్మతి లేకుండా బయటపెట్టడం కుదరదు. సమాచారాన్ని భద్రంగా ఉంచడం సంస్థ బాధ్యత. మీ ఆఫీసులో అందరి పేర్లూ వివరాలూ ఉండే లైన్ లిస్టు ఎక్కడుంది? గోడ మీద చార్టులో పేర్లున్నాయా? నెలవారీ రిపోర్టును ఎవరి వాట్సాప్‌కు పంపుతున్నారు? వీటిని కూడా కార్యవర్గం ముందు పెట్టండి, ఎందుకంటే ఆ పేర్లు వారివే. మా దగ్గర ఒక సమావేశంలో ఒక సభ్యురాలు ‘ఈ కాగితం మా ఊరి వాడి చేతికి దొరికితే నా కూతురి పెళ్లి ఆగిపోతుంది’ అంది. ఆ సాయంత్రమే పేర్ల స్థానంలో కోడ్ నంబర్లు వచ్చాయి. అంతకు ముందు రెండు ఆడిట్‌లలో అదే విషయం రాసినా ఎవరూ కదలలేదు.

డబ్బు గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. సంఘం ఖాతా చెక్కుల మీద సంతకం చేసే ఇద్దరు మహిళలకు ఆ చెక్కు దేనికో తెలియకపోతే మిగతాదంతా వేషమే. నెలకొకసారి ఖర్చులను బొమ్మల్లోనో, నాణేలు పేర్చో చూపించండి. ఇంత అద్దె, ఇంత జీతాలు, ఇంత పీర్‌ల గౌరవ వేతనం. అడుగుతారు, ‘మీ జీతం మా పీర్‌లకు ఇచ్చేదానికన్నా అంత ఎందుకెక్కువ?’ అని. జవాబు సిద్ధం చేసుకోండి, ఆ ప్రశ్న రావడం మంచిదే. గ్రాంటు విడుదల ఆలస్యమైతే మొదట ఆగేది పీర్ డబ్బే. ఎందుకలా జరగాలి? ఆలస్యమైన నెలల్లో ముందు పీర్‌లకు చెల్లించి, తరువాత మిగతావారికి అని కార్యవర్గం తీర్మానం చేస్తే మీరు ఒప్పుకోండి. సొంత పొదుపు నిధి పెట్టుకుంటే ఇంకా మంచిది. చిన్న మొత్తమైనా సరే. మిత్ర్ క్లినిక్ మూతపడటం చూశాక, బయటి డబ్బు ఒక ఉత్తర్వుతో ఆగిపోవచ్చని మళ్లీ గుర్తుచేయనక్కరలేదు.

పై అధికారులతో వాదించేటప్పుడు మీకు పనికొచ్చే రెండు విషయాలు చెబుతాను. ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 2021లో చేసిన రాజకీయ ప్రకటనలో ఒక లక్ష్యం ఉంది. 2025 నాటికి ముప్పు ఎక్కువగా ఉన్న వర్గాల నివారణ సేవల్లో 80 శాతం, పరీక్షలు, చికిత్సలో 30 శాతం కమ్యూనిటీ నడిపే సంస్థల ద్వారా అందాలని దేశాలు ఒప్పుకున్నాయి. రెండోది మన లెక్క. 2023 అంచనాల ప్రకారం దేశంలో పెద్దల్లో హెచ్ఐవీ ఉన్నవారు 0.20 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 0.62, తెలంగాణలో 0.44. మిజోరం, నాగాలాండ్, మణిపూర్ తరువాత మనమే. ‘హెచ్ఐవీ తగ్గిపోయింది కదా, ఇంకా ఈ ప్రాజెక్టులెందుకు?’ అనేవారికి ఈ అంకెలు చూపించండి. తగ్గింది, నిజమే. ఏ వర్గాల కష్టం వల్ల తగ్గిందో, అదే వర్గాల్లో ఇంకా ఎక్కువగా ఉంది.

మొదటి మూడు నెలల్లో నేనైతే ఇలా చేస్తాను. టార్గెట్ల గురించి కార్యవర్గం ముందు మాట్లాడటం మానేసి, క్లినిక్ వేళలు, సంక్షోభ ఫోను, ఆధార్ లేనివారి జాబితా, ఈ మూడింటి మీద మాత్రమే వారి చేత నిర్ణయాలు తీసుకునేలా చేస్తాను. వారు వద్దన్నది ఆపేస్తాను. సమావేశాలు ఆఫీసులో కాకుండా వారి వాడలో, వారి వేళకు పెడతాను. అక్కడ కుర్చీలుండవు, నేల మీద కూర్చుంటారు, అధ్యక్షురాలు ముందు మాట్లాడుతుంది, మీరు చివర్లో. మొదటి నెలలో రిపోర్టు బాగుండదు. పై అధికారికి ముందే చెప్పి పెట్టుకోండి.

ఇక ర్యాలీ. ఎయిడ్స్ దినం నాడు ఫ్లెక్సీ మీద కార్యవర్గ సభ్యుల ఫొటోలు, పాజిటివ్ అయిన ఇద్దరి అనుభవాలు వేదిక మీద చెప్పించాలని జిల్లా నుంచి ఒత్తిడి వస్తోందన్నారు. ఫొటోలు వద్దు. వేదిక మీద మాట్లాడాలని ఎవరైనా తామే ముందుకొస్తే, పత్రికా విలేకరి ఉంటాడని, వీడియో ఫోన్లలో తిరుగుతుందని, ఊళ్లో పిల్లలు చూస్తారని ముందుగా చెప్పి, ఇంటికి వెళ్లి ఆలోచించుకోమనండి. మరునాడు కూడా సరేనంటే మాట్లాడనివ్వండి. వద్దంటే జిల్లా అధికారికి ‘కార్యవర్గం తీర్మానం’ అని ఉత్తరం రాసి పంపండి. ఆ ఉత్తరం మీద మీ సంతకం ఉండకూడదు, అధ్యక్షురాలిది ఉండాలి. మినిట్స్ పుస్తకంలో మీరు వెతుకుతున్న ఆ మొదటి ‘కాదు’ అదే కావచ్చు.